తెనాలి శారదలిద్దరు, కొలబద్ద ఒక్కటి

తెనాలికి ఇద్దరు శారదలున్నారు. ఇద్దరికీ అది తర్వాత వచ్చిన పేరే. మొదటివారు 1945లో తెనాలిలో పుట్టిన సరస్వతీదేవి. సినిమాల్లోకి వెళ్లి శారద అయ్యారు. మలయాళంలో 'తులాభారం', 'స్వయంవరం', తెలుగులో 'నిమజ్జనం' ఆమెను మూడుసార్లు జాతీయ ఉత్తమ నటిగా నిలబెట్టాయి. 'ఊర్వశి' అన్నది ఆమెకు ఇంటిపేరైపోయింది. 1996లో తెనాలి ఓటర్లు ఆమెను లోక్‌సభకు కూడా పంపారు. రెండోవారు నటరాజన్. తమిళుల ఇంట పుట్టి, చిన్నతనంలో తండ్రి వెంట తెనాలి చేరి, హోటల్లో పనిచేసుకుంటూ తెలుగు నేర్చుకున్నారు. ఆ తెలుగులోనే 'శారద' అన్న కలంపేరుతో కథలూ, 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' వంటి నవలలూ రాశారు. మూర్ఛవ్యాధితోనూ లేమితోనూ సతమతమై 1955లో, ముప్పై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంటర్నెట్‌లో ఈ ఇద్దరినీ ఒకే కొలబద్దతో కొలిచే చోటొకటుంది. విజ్ఞాన సర్వస్వం అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చే వికీపీడియా అది. అందులో ఎవరికి పేజీ ఉండాలి, ఎవరికి అక్కర్లేదు అన్న తగాదా తెగేది కాదు. ఫోన్లో పేరు కొడితే ఫొటోతో, పుట్టిన తేదీతో ఒక పెట్టె కనపడాలన్న కోరిక ఇప్పుడు ఊరూరా ఉంది. రియల్ ఎస్టేట్ వ్యాపారికీ ఉంది, అవధానికీ ఉంది, రిటైరైన హెడ్మాస్టారి పిల్లలకూ ఉంది. పేజీ పెట్టినవాళ్లు 'మావాడు గొప్పవాడు' అంటారు, తీసేసినవాళ్లు 'ఆధారం ఏదీ' అంటారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి జవాబు కాదు. అందుకే చర్చ ఎంత సాగినా ముడి విడదు. ఆ ముడి ఎక్కడుందో చూడాలంటే తెనాలి, బాపట్ల, రేపల్లెల మనుషులను పక్కపక్కన నిలబెట్టి కొలవడం మంచి పద్ధతి. ఈ మూడూళ్ల మధ్య దూరం తక్కువ, మనుషుల రకాలు మాత్రం ఎక్కువ.

కొలబద్ద ఏమంటుంది

వికీపీడియా నియమంలో 'గొప్ప' అన్న మాటకు చోటు లేదు. ఒక మనిషి గురించి ఆ మనిషితో లాభనష్టాల లంకె లేనివాళ్లు, నమ్మదగిన చోట, కాస్త విపులంగా రాసి ఉండాలి. అదీ ఒకరు కాదు, నలుగురు రాసి ఉంటే మేలు. తెలుగు వికీపీడియాలో దీన్ని విషయ ప్రాముఖ్యత అంటారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీ ఈ నియమాన్ని ఇంగ్లీషు వికీ నుంచి తెచ్చుకుంది. ఇవాళ అక్కడ వ్యాసాలు లక్ష దాటాయి, కొలబద్ద మాత్రం అదే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది మన సామెత. ఈ నియమానికి ఇంట గెలుపుతో పని లేదు, అది రచ్చ గెలుపునే లెక్కేస్తుంది. మీరు మీ గురించి రాసుకున్నది చెల్లదు. మీ తమ్ముడు రాసింది చెల్లదు. మీ సంస్థ వేసిన కరపత్రం చెల్లదు. మీరు పంపిన ప్రకటనను పత్రికవాళ్లు యథాతథంగా అచ్చేస్తే అదీ చెల్లదు. పరాయివాడు తన సొంత బుద్ధితో, తన సమయం ఖర్చుపెట్టి మీ గురించి రాయాలనుకున్నాడా లేదా, అంతే.

దీనితోపాటు కొన్ని దగ్గరి దారులున్నాయి. శాసనసభకో పార్లమెంటుకో ఎన్నికైతే పేజీకి అర్హత ఉన్నట్టే లెక్క. జాతీయ స్థాయి పురస్కారం వస్తే దాదాపుగా అంతే. ఈ దారులు పెట్టడానికి ఒక కారణముంది. అలాంటివారి గురించి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసే ఉంటారన్నది ఒక అంచనా. వెతికితే దొరుకుతుందన్న నమ్మకం మీద ముందే తలుపు తీస్తారు.

నటి శారదను ఈ కొలబద్ద పక్కన నిలబెడితే కొలవడమే అనవసరం. నటిగా ఒకసారి, అవార్డులతో ఒకసారి, ఎంపీగా ఒకసారి, మూడు దారుల్లోనూ ఆమె నేరుగా లోపలికి వెళ్తారు. సినిమా ఎన్ని భాషల్లో ఆడితే అన్ని భాషల్లో సమీక్షలు వస్తాయి. ఒక్క సమీక్ష పోయినా వంద మిగులుతాయి. ఆమె గొప్ప నటి కాబట్టి పేజీ ఉందనుకుంటాం. నియమం దృష్టిలో ఆమెకు పేజీ ఉన్నది ఆమె గురించి జనం రాశారు కాబట్టి. నటన గొప్పది కావడం వల్లే రాశారన్నది నిజమే కావచ్చు, కానీ నియమం అంత వెనక్కి వెళ్లి చూడదు.

హోటల్ శారదకు దారి ఎలా దొరికింది

ఇప్పుడు నటరాజన్‌ను నిలబెట్టండి. పురస్కారం లేదు. పదవి లేదు. బతికుండగా సన్మానం లేదు. 1940లు, 50ల తెనాలి సాహిత్యానికి గట్టి ఊరే. కొడవటిగంటి కుటుంబరావు ఆ ఊరివారు. చక్రపాణి ఆ ఊరివారు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్నది అక్కడే, ఆయన కొడుకు గోపీచంద్ రచయితగా ఎదిగిందీ ఆ వాతావరణంలోనే. పత్రికలున్నాయి, అచ్చాఫీసులున్నాయి. అలాంటి ఊళ్లో హోటల్ కుర్రాడు కథ రాస్తే అచ్చయ్యేది, కానీ ఆ కుర్రాడి గురించి వ్యాసం రాసేవాళ్లు తక్కువ. ఆయన రచనలు కాగితం మీదున్నాయి, ఆయన మీద రచనలు లేవు. కొలబద్ద చూసేది రెండోదాన్నే.

ఆ ఖాళీని పూరించింది ఆలూరి భుజంగరావు. ఆయనా హోటల్ కార్మికుడే, శారద స్నేహితుడు. తర్వాతి రోజుల్లో రాహుల్ సాంకృత్యాయన్‌ను హిందీ నుంచి తెలుగులోకి తెచ్చిన అనువాదకుడు. ఆయన రాసిన 'సాహిత్య బాటసారి శారద' లేకపోతే నటరాజన్ జీవితం మనకు నాలుగు ముక్కల్లో మిగిలేది. ఎక్కడ పుట్టారు, ఏ హోటల్లో ఏం పని చేశారు, రాత్రుళ్లు ఎలా చదువుకున్నారు, జబ్బు ఎలా తినేసింది, ఇవన్నీ చెప్పగలిగిన మనిషి పక్కనే ఉండి రాయడం వల్ల తెలిశాయి. 1999లో పర్‌స్పెక్టివ్స్ సంస్థ శారద రచనలను మళ్లీ అచ్చులోకి తెచ్చాక కొత్త తరం విమర్శకులు చదివారు, రాశారు. అప్పుడు రచ్చ గెలుపు పూర్తయింది.

ఇక్కడే నియమానికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. లంకె లేనివాళ్లు రాయాలన్నారు గదా, మరి భుజంగరావు ఎవరు? ప్రాణస్నేహితుడు. అక్షరం పట్టుకుని వాదిస్తే ఆయన పుస్తకం చెల్లదు. తెలుగు వికీలో అలా వాదించేవాళ్లు దొరకరని కాదు. కానీ లంకె ఉండకూడదనడం వెనక ఉద్దేశం వేరు. రాసినవాడికి లాభం ఉందా, రాయించుకున్నవాడికి చేయి ఉందా అన్నదే అసలు ప్రశ్న. చనిపోయిన పేదవాడి మీద పుస్తకం రాసినందువల్ల భుజంగరావుకు ఒరిగిందేమీ లేదు. నటరాజన్ రాయించుకోవడానికి బతికి లేరు. అలాంటప్పుడు స్నేహం సాక్ష్యానికి బలమే అవుతుంది.

దీన్ని సన్మాన సంచికతో పోల్చండి. మన జిల్లాల్లో ఏ పెద్దమనిషికైనా షష్టిపూర్తికో అభినందన సభకో ఒక సంచిక వస్తుంది. దానికి సంపాదకవర్గం ఉంటుంది, అచ్చు అందంగా ఉంటుంది, పేరుమోసిన ఆచార్యుల వ్యాసాలుంటాయి. రాసినవాళ్లలో చాలామందికి ఆ పెద్దమనిషితో చుట్టరికం ఉండదు. పైకి చూస్తే నియమానికి భుజంగరావు పుస్తకం కన్నా ఇదే దగ్గర. కానీ డబ్బు పెట్టింది ఎవరు, రాయమని అడిగింది ఎవరు, విమర్శ ఒక్కటైనా అచ్చవుతుందా అని చూస్తే సంచిక ఆ మనిషి గొంతే, పది నోళ్లతో పలికింది. స్నేహితుడి పుస్తకం చెల్లుతుంది, అపరిచితుల సంచిక చెల్లదు. నియమాన్ని తెలివిగా చదివితే వచ్చే ఫలితం ఇది. యాంత్రికంగా చదివితే తలకిందులవుతుంది.

బాపట్ల: నటుడికి పేరు, వరికి పేరు

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావును తీసుకోండి. ఆడపాత్రలకు ఆయన పెట్టింది పేరు. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరాక సత్యభామ, రోషనార, చింతామణి, దేవదేవి పాత్రలతో ఆంధ్రదేశమంతా తిరిగారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలను 'నటస్థానం' పేరుతో రాసుకున్నారు. ఏ కొలబద్దతో చూసినా ఆయనకు పేజీ ఖాయం.

అయితే ఆయన గెలుపు వెనక ఒక విషయముంది. రంగస్థల నటుడి కళ తెర దించగానే పోతుంది. సినిమా రీలు మిగిలినట్టు అది మిగలదు. మిగిలింది రాతలోనే. ఆయన రాసుకున్న పుస్తకం తారీఖులకూ సంఘటనలకూ పనికొస్తుంది, అర్హతకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది సొంత గొంతు. అర్హత తెచ్చింది ఆనాటి పత్రికల సమీక్షలు, తర్వాత ఇతరులు రాసిన రంగస్థల చరిత్రలు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తానూ నటుడే అయినా 'నటరత్నాలు' పేరుతో తోటి రంగస్థల నటుల జీవితాలను రాసిపెట్టారు. మన జిల్లాల్లో ఎంతోమంది నాటకాలవాళ్లకు ఇవాళ ఒక్క ఆధారమైనా చూపగలుగుతున్నామంటే అలాంటి పుస్తకాల పుణ్యమే. ఆ నాటకాల్లోనే స్థానంవారి పక్కన హార్మోనియం పట్టినవాళ్లు, తబలా వాయించినవాళ్లు, చిన్న వేషాలు కట్టినవాళ్లు ఉన్నారు. ప్రేక్షకుడికి వాళ్లూ కనిపించారు, వినిపించారు. పుస్తకానికి కనిపించలేదు. అందువల్ల విజ్ఞాన సర్వస్వానికీ కనిపించరు.

అదే బాపట్ల నుంచి ఇంకొక ఉదాహరణ. సాంబ మసూరి వరిని బీపీటీ 5204 అంటారు. ఆ బీపీటీ బాపట్లే. అక్కడి వరి పరిశోధన నుంచి 1986లో విడుదలైన ఈ వంగడం ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు పళ్లేల్లోకి చేరింది. సన్నబియ్యం అంటే ఇదే అనేంతగా కోట్లమంది తిన్నారు. దాని మీద శాస్త్ర వ్యాసాలున్నాయి, పత్రికా కథనాలున్నాయి, దాన్నుంచి పుట్టిన కొత్త వంగడాల మీద పరిశోధనలున్నాయి. బియ్యానికి పేజీ పెట్టమంటే ఎవరూ కాదనరు. మరి దాన్ని రూపొందించిన శాస్త్రవేత్తకు? అక్కడ నియమం మరో మాట చెబుతుంది: ప్రాముఖ్యత వారసత్వంగా రాదు. బియ్యం పేరుమోసినంత మాత్రాన దాన్ని పుట్టించిన మనిషికి పేజీ రాదు, ఆ మనిషి గురించి విడిగా ఎవరైనా రాసి ఉండాలి.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నియమం స్వభావం బయటపడుతుంది. నటుడి పని మాయమైంది, ఆయన పేరు మిగిలింది. శాస్త్రవేత్త పని పొలాల్లో, కంచాల్లో మిగిలింది, ఆయన పేరు తెలిసినవాళ్లు వ్యవసాయ కళాశాల దాటితే అరుదు. సమాజానికి ఎవరు ఎక్కువ చేశారన్నది వేరే లెక్క. విజ్ఞాన సర్వస్వం ఆ లెక్క వెయ్యదు, వేయాలని అడగడం కూడా తప్పే. వేయడం మొదలుపెడితే ప్రతి పేజీ దగ్గరా ఒక పంచాయతీ పెట్టాలి. కానీ ఆ లెక్క వెయ్యని పుస్తకంలో పేరు లేకపోవడాన్ని అవమానంగా తీసుకోకూడదని కూడా మనం నేర్చుకోవాలి. శాస్త్రవేత్తలకు పేజీ లేదంటే మన పత్రికలు సన్మానం ఫొటో వేసినంత ఇష్టంగా పరిశోధన కథనం వెయ్యవన్నమాట. ఆ లోటు పత్రికలది.

రేపల్లె: కవికి పేజీ, ఊరికి పేజీ

రేపల్లె తాలూకా కావూరులో 1901లో పుట్టి, బాపట్ల దగ్గరి అప్పికట్లలో స్థిరపడిన తుమ్మల సీతారామమూర్తి అభినవ తిక్కన అనిపించుకున్నారు. గాంధీ జీవితాన్ని పద్యకావ్యంగా రాసిన 'మహాత్మ కథ'కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అకాడమీ అవార్డు అంటే ముందే తీసిన తలుపు. ఆయన ప్రవేశం గురించి ఎవరూ నోరెత్తరు.

తుమ్మలవారి కాలంలోనే ఈ ప్రాంతంలో పద్యం రాసేవాళ్లు పదుల్లో ఉండేవారు. పెళ్లిళ్లకు పంచరత్నాలు రాసేవాళ్లు, స్కూలు వార్షికోత్సవానికి నాటికలు కట్టేవాళ్లు, గుళ్లో హరికథ చెప్పేవాళ్లు. వీళ్లకు ప్రత్యేక పేజీ రాదు. తెలుగు వికీపీడియా వీళ్ల కోసం తెలియకుండానే ఒక కిటికీ తెరిచింది. జనాభా లెక్కల సమాచారంతో గ్రామాలన్నిటికీ పేజీలు పెట్టారు. ఊరు అన్నది సర్కారు లెక్కలో ఉంటే చాలు, దాని ప్రాముఖ్యతను ఎవరూ ప్రశ్నించరు. ఆ ఊరి పేజీ అడుగున చాలాచోట్ల 'గ్రామ ప్రముఖులు' అని ఒక శీర్షిక ఉంటుంది. గుంటూరు జిల్లా ఊళ్ల పేజీలు తిరగేస్తే ఈ శీర్షికల కింద ఉపాధ్యాయులు, దాతలు, క్రీడాకారులు, వైద్యులు, ఎక్కడో అమెరికాలో పెద్ద ఉద్యోగం చేస్తున్న ఊరి అబ్బాయి, అందరూ వరసగా కనిపిస్తారు. వాళ్ల పేర్ల పక్కన ఆధారంగా ఈనాడు జిల్లా అనుబంధం తేదీ, పేజీ నంబరుతో సహా ఉంటుంది. ఎవరో ఓపికమంతుడు రోజూ పేపరు ముందేసుకుని ఊరి వార్తల్ని కత్తిరించి, ఊరి పేజీలో అతికించాడన్నమాట.

ఈ శీర్షికను చూసి నవ్వేవాళ్లున్నారు. నిన్న గెలిచిన సర్పంచి, మొన్న పదో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల కూడా ప్రముఖులేనా అని. ఆ అభ్యంతరంలో నిజముంది. వార్త వేరు, చరిత్ర వేరు. జిల్లా అనుబంధంలో మూడు కాలమ్‌ల వార్త చాలాసార్లు స్థానిక విలేకరికి అందిన ప్రకటనే, అతను ఫొటోతో సహా పంపేసి ఉంటాడు. అలాంటి వార్త ఆధారంగా సొంత పేజీ నిలబడదు, నిలబడకూడదు. కానీ ఊరి పేజీలో ఒక వాక్యానికి అది సరిపోతుంది. సొంత పేజీకి కావాల్సిన బరువు వేరు, ఒక వాక్యానికి కావాల్సిన బరువు వేరు. ఈ తేడా తెలియక తగాదాలు పెరుగుతున్నాయి. మాస్టారికి పేజీ పెట్టి, తీసేశారని కోపగించుకునే శిష్యులు ఊరి పేజీలో రెండు వాక్యాలు ఆధారంతో రాస్తే అవి పదేళ్లయినా ఉంటాయి.

ఈ ఊరి ప్రముఖులను దగ్గరి దారిలో వచ్చినవారితో పోల్చినప్పుడు మాత్రం మనసు కాస్త ఒప్పుకోదు. రేపల్లె నుంచైనా బాపట్ల నుంచైనా శాసనసభకు ఒక్కసారి గెలిచి, ఐదేళ్లూ నోరు విప్పని ఎమ్మెల్యేకు కూడా నియమం ప్రకారం పేజీకి చోటుంది. అర్ధ శతాబ్దం ఊరూరా హరికథ చెప్పిన దాసుగారికి లేదు. గెజిట్‌లో పేరు ఎక్కితే చాలన్న అంచనా ఎమ్మెల్యేల విషయంలో నిజమవుతున్నది, ఎందుకంటే మన పత్రికలు రాజకీయాన్ని వదలవు. దాసుగారి విషయంలో ఏ అంచనా వేసే పద్ధతీ నియమానికి లేదు. నియమం రాసినవాళ్లకు హరికథ తెలియకపోవడం వల్ల వచ్చిన లోటిది. ఇంగ్లీషు వికీలో క్రీడాకారులకు, ఆచార్యులకు విడివిడిగా కొలతలున్నాయి. తెలుగు వికీ తన సమాజానికి తగిన కొలతలు, అంటే అవధానులకు, హరిదాసులకు, నాటక సమాజాలకు, బుర్రకథ దళాలకు ఏవి ఆధారాలుగా చెల్లుతాయో, ఇంకా తనంతట తాను గట్టిగా రాసుకోవాల్సి ఉంది.

సంపాదకుడి గది, అందరి రచ్చబండ

తెలుగులో విజ్ఞాన సర్వస్వం కొత్తది కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు నూరేళ్ల కిందటే 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చేసరికి పని ఇంకా అకారం దగ్గరే ఉంది. 1923లో ఆయన పోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పని మళ్లీ ఎత్తుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి విషయాలవారీగా సంపుటాలు వేసింది. ఆ పుస్తకాల్లో ఎవరికి చోటు అన్నది సంపాదకుడు, ఆయన పిలిచిన పండితులు నిర్ణయించేవారు. కాగితం ఖరీదు, పుటల లెక్క వాళ్ల చేతులు కట్టేసేవి. ఒకరికి చోటిస్తే ఇంకొకరికి తగ్గాలి. అందుకని వాళ్లు అడగక తప్పని ప్రశ్న: వీరిద్దరిలో ఎవరు ముఖ్యులు?

వికీపీడియాకు కాగితం లేదు, అందుకే ఆ ప్రశ్న కూడా లేదు. లక్షన్నర పేజీలున్నా రెండు లక్షలున్నా ఒకరి కోసం ఇంకొకరిని తీసెయ్యక్కర్లేదు. దాని ప్రశ్న: ఈయన గురించి రాయడానికి సరిపడా నమ్మకమైన సరుకు ఉందా? సరుకు లేకపోతే పేజీని సంపాదకుడి ఊహలో, కుటుంబం చెప్పిన కథలో నింపుతాయి. అబద్ధం చేరితే పట్టుకునే దిక్కుండదు.

పండితుడి గదిలో ఒక సౌలభ్యం ఉండేది. శారద నవల చదివి మెచ్చిన సంపాదకుడు ఉంటే, ఎవరూ ఏమీ రాయకపోయినా, నాలుగు వాక్యాలు తానే రాసి చేర్చగలిగేవాడు. తన అభిరుచే ఆధారం. వికీలో ఎవరి అభిరుచికీ ఆ అధికారం లేదు. అదే గదిలో కీడు కూడా ఉండేది. సంపాదకుడి కులం, ప్రాంతం, సాహిత్య వర్గం బయటికి చెప్పకుండానే జాబితాలో కూర్చునేవి. హోటల్ కుర్రాడి నవల ఆ గదిదాకా చేరే అవకాశం ఎంత? ఎవరిని ఎందుకు వదిలేశారో అడిగే చోటు ఉండేది కాదు. తెలుగు వికీలో తొలగింపు ప్రతిపాదన పడితే చర్చ పేజీ ఉంటుంది, ఎవరేమన్నారో ఎప్పటికీ కనిపిస్తుంది. ఆ చర్చకు వచ్చేది చాలాసార్లు ముగ్గురో నలుగురో. పండితుల గది కన్నా ఇదేమీ పెద్ద గది కాదు. కానీ తలుపు తీసి ఉంది. ఆధారం పట్టుకొచ్చినవాడు ఎవరైనా ఆ నలుగురి మాటను తిప్పగలడు. పాత పద్ధతిలో అది కుదిరేది కాదు. ఈ ఒక్క కారణానికే నేను కొత్త పద్ధతి వైపు ఉంటాను.

లోకం రాయకపోతే

కొత్త పద్ధతి తప్పులు లేనిదని కాదు. 2018లో కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్లండ్ మీద ఇంగ్లీషు వికీకి ఒక వ్యాసం చిత్తుప్రతి వచ్చింది. చూపిన ఆధారాలు చాలవంటూ పరిశీలకుడు మే నెలలో తిప్పి పంపారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. గంటల్లో పేజీ వచ్చింది. లేజర్ కాంతి మీద ఆమె చేసిన పని 1980ల నాటిది. ఆ పని మే నెలలో చిన్నదై అక్టోబరులో పెద్దది కాలేదు. మారింది పత్రికలు. ఆంగ్ల వికీలోని జీవితచరిత్రల్లో స్త్రీలవి దాదాపు ఐదో వంతేనన్నది తెలిసిన సంగతే. లోకం ఎవరి గురించి రాయదో వారు వికీలోనూ ఉండరు.

మన దగ్గర ఆ రాయకపోవడం ఇంకా లోతైనది. స్ట్రిక్లండ్‌కు కనీసం శాస్త్ర పత్రాలున్నాయి, విశ్వవిద్యాలయం ఉంది. తెనాలి నాటక సమాజంలో ఆడవేషాలు కట్టిన స్థానంవారికి పద్మశ్రీ వచ్చింది. అదే కాలంలో రంగస్థలం ఎక్కిన స్త్రీలలో చాలామందికి ఒక్క పేరా కూడా దక్కలేదు. ఎందుకు దక్కలేదో అందరికీ తెలుసు. వాళ్లు ఏ ఇళ్ల నుంచి వచ్చారో, సమాజం వాళ్లను ఏ చూపుతో చూసిందో ఆ చూపే పత్రికల్లోనూ పనిచేసింది. ఇవాళ ఆధారం చూపమని అడిగితే ఆనాటి నిర్లక్ష్యానికే మనం రెండోసారి ముద్ర వేసినట్టవుతుంది. నియమాన్ని సమర్థిస్తూనే ఈ మాట ఒప్పుకోవాలి.

భట్టిప్రోలు రాతి పెట్టెలు

ఎవరి పేరు రాయాలన్నది ఈ నేల మీద పాత ప్రశ్నే. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గంలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వితే బుద్ధుడి ధాతువులు దాచిన రాతి పెట్టెలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను బ్యూలర్ చదివి ప్రకటించాడు. సుమారు 2,200 ఏళ్ల కిందటి రాత అది. కుబీరకుడనే రాజు పేరుంది. రాజుతోపాటు ఒక గోష్ఠి, అంటే ఊళ్లోని ఒక సంఘం, దాని సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. వాళ్లు యుద్ధాలు గెలిచినవాళ్లు కారు. పెట్టెకు ఖర్చు పెట్టినవాళ్లు.

ఈనాటి కొలబద్దతో చూస్తే ఆ శాసనం సొంత డబ్బా, దాతలు తమ పేర్లు తామే చెక్కించుకున్నారు. సన్మాన సంచికకు రాతి రూపం. అయినా ఇవాళ మనకది అమూల్యం, ఎందుకంటే బ్యూలర్ మొదలుకొని ఎందరో దాని మీద రాశారు. శాసనం వల్ల కాక, శాసనం మీద వచ్చిన రాతల వల్ల ఆ సంఘం చరిత్రకెక్కింది. ఒక పెట్టె మీద ఇంకొక విచిత్రం ఉంది. కుర అనే మనిషి పేరుంది. అతని తండ్రి, అతని తల్లి కూడా దాతలే. కానీ వాళ్లను 'కుర తండ్రి', 'కుర తల్లి' అని మాత్రమే రాశారు. తల్లి డబ్బు పెట్టింది, ఆమె పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎవరిని పేరు పెట్టి రాయాలి, ఎవరిని చుట్టరికంతో సరిపెట్టాలి అన్న నిర్ణయం వికీపీడియాతో పుట్టింది కాదని ఆ పెట్టె చెబుతోంది.

ఎవరి పని ఎవరిది

ఇన్ని పోలికల తర్వాత తీర్పు చెప్పాలి. నియమం మూలంలో సరైనదే. పరాయివాళ్లు రాసి ఉండాలన్న షరతు తీసేస్తే తెలుగు వికీ సన్మాన సంచికల గోదాముగా మారడానికి ఏడాది పట్టదు. డబ్బున్నవాళ్ల పేజీలు పెరుగుతాయి, నటరాజన్ లాంటివాళ్లు అప్పుడూ బయటే ఉంటారు. పేదవాడికి మేలు చేసేది సడలించిన నియమం కాదు. అతని గురించి ఓపిగ్గా రాసే భుజంగరావు.

వికీ నిర్వాహకులకు చెప్పాల్సింది వేరే ఉంది. ఇంటర్నెట్‌లో లింకు దొరకలేదని ఆధారం లేదనుకోవద్దు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టింది. శాఖా గ్రంథాలయాల బీరువాల్లో 'నటరత్నాలు' లాంటి పుస్తకాలున్నాయి. విశ్వవిద్యాలయాల్లో ఎం.ఫిల్., పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలున్నాయి. తెలుగు రచయిత పేజీకి ఇంగ్లీషు పేపరు లింకు అడిగేవాళ్లు ముందు ఇవి తెరవాలి. అదే సమయంలో జిల్లా అనుబంధంలోని ప్రకటనను కథనంగా చెల్లనివ్వడం మానాలి. తీసెయ్యాలన్న ప్రతిపాదన పెట్టేముందు ఊరి పేజీలో ఒక వాక్యంగా చేర్చవచ్చేమో చూడాలి.

అభిమానులకూ శిష్యులకూ చెప్పాల్సింది ఇంకా సూటిగా ఉంది. చర్చ పేజీలో పోట్లాడేందుకు పెట్టే సమయంలో సగం పెడితే మీ గురువు మీద ఒక మంచి వ్యాసం తయారవుతుంది. దాన్ని వికీలో పెట్టకండి, పత్రికకు పంపండి. పొగడ్త తగ్గించి తారీఖులు పెంచండి. ఆయన బలహీనతలు కూడా రాయండి, నమ్మకం కలుగుతుంది. మీతో సంబంధం లేని మరొకరిని రాయమనకండి, చదవమనండి, నచ్చితే వాళ్లే రాస్తారు. స్థానిక చరిత్ర రాసేవాళ్లు తెనాలికి, బాపట్లకు, రేపల్లెకు తలా ఇద్దరు తేలితే పదేళ్లలో ఈ తగాదాల్లో సగం సమసిపోతాయి. మిగతా సగం ఎప్పటికీ ఉంటుంది. తనకు పేజీ లేదన్న బాధ ఉన్నంతకాలం అది తప్పదు, దాన్ని తీర్చడం ఏ విజ్ఞాన సర్వస్వం పనీ కాదు.